రంగుటద్దాల గుడి ఎవరిది?

ఉత్తర తెలంగాణలో చరిత్ర ఉన్న కట్టడాలేవని అడిగితే ఎలగందుల ఖిల్లా, వేములవాడ రాజన్న గుడి, ధర్మపురి, కాళేశ్వరం, బాసర, నిర్మల్ కోట బురుజులు వెంటనే మన నోటికి వస్తాయి. కరీంనగర్ వెస్లీ కెథడ్రల్‌ను, గోదావరి తీరాన లక్షెట్టిపేటలో ఉన్న రాతి చర్చిని, పొరుగున మెదక్‌లో ఆకాశాన్నంటే గోపురంతో నిలిచిన పెద్ద చర్చిని ఆ వరసలో చెప్పేవాళ్లు తక్కువ. మెదక్ చర్చికైతే క్రిస్మస్ నాడు అన్ని మతాలవాళ్లూ వేలాదిగా వెళ్తారు. ఎత్తు చూసి ఆశ్చర్యపడతారు, రంగుటద్దాల కిటికీల కింద నిలబడి ఫొటోలు దిగుతారు, తిరిగి వచ్చాక “ఇంగ్లీషువాళ్లు కట్టిన గుడి” అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ మాటలో సగమే నిజముంది. నక్షా గీసిన చేతులు ఇంగ్లీషువే. రాళ్లు మోసిన చేతులు, వందేళ్లుగా అక్కడ తెలుగులో ప్రార్థన చేస్తున్న గొంతులు, ఇవాళ తాళంచెవి పట్టుకున్న చేతులు మాత్రం మనవి. కట్టడం ఎవరిదని తేల్చాల్సింది గోడల శైలిని చూసి కాదని, అందులో జరిగిన పనినీ, సాగిన ఆరాధననూ చూసి తేల్చాలని ఈ ప్రసంగంలో వాదిస్తాను. అందుకు ఆధారాలు చూపిస్తాను, ఎదురు వాదనలకూ జవాబు చెబుతాను.

ముందు పేర్లతో మొదలుపెడదాం. కరీంనగర్ కెథడ్రల్‌కు వెస్లీ పేరు ఉంది. జాన్ వెస్లీ 18వ శతాబ్దపు ఇంగ్లండు గురువు. మెథడిస్టు ఉద్యమం ఆయన నుంచే పుట్టింది. అయినా ఆయన 1791లో కన్నుమూసేదాకా ఆంగ్లికన్ సంఘపు గురువుగానే ఉన్నాడు, అంటే ఇంగ్లండు రాజ్య సంఘాన్ని ఆయన ఏనాడూ విడిచిపెట్టలేదు. ఆయన అనుయాయులైన వెస్లియన్ మిషనరీలు 19వ శతాబ్దం చివరి దశకాల్లో సికింద్రాబాదు నుంచి బయలుదేరి మెదక్, కరీంనగర్ వైపు పల్లెల్లోకి వచ్చారు. ఆ తర్వాత తూర్పున డోర్నకల్ చుట్టూ ఆంగ్లికన్ మిషన్ వేళ్లూనుకుంది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కెథడ్రల్‌లో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ శాఖలు కలిసి దక్షిణ భారత సంఘంగా ఏర్పడ్డాయి. మనం సీఎస్ఐ అని పిలిచేది దాన్నే. మెదక్‌కు మొదటి బిషప్ అయిన ఫ్రాంక్ విటేకర్ మెథడిస్టు. కరీంనగర్ డయాసిస్, అంటే బిషప్ పరిధిలోని ప్రాంతం, 1978లో డోర్నకల్ డయాసిస్ నుంచి విడివడి ఏర్పడింది. అంటే కరీంనగర్ కెథడ్రల్ పేరులో మెథడిస్టు పుట్టుక కనిపిస్తుంది, అది విడివడి వచ్చిన డయాసిస్‌లో ఆంగ్లికన్ వారసత్వం కనిపిస్తుంది. ఈ రెండు పాయలు కలిసింది లండన్‌లో ఎవరో రాసిన ఉత్తరువుతో కాదు, మన దక్షిణాదిన జరిగిన నిర్ణయంతో. ఇంకొక తేదీని దీని పక్కన పెట్టి చూడండి. హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసింది 1948 సెప్టెంబరు 17న. కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలు ఇంకా నిజాం పాలనలో ఉన్నప్పుడే ఇక్కడి పల్లె క్రైస్తవులు మద్రాసు, మైసూరు, తిరువాన్కూరు క్రైస్తవులతో కలిసి ఒకే సంఘంలో సభ్యులయ్యారు. రాజకీయ విలీనం కంటే దాదాపు ఏడాది ముందే వాళ్లు ఈ కలయికను చూశారు.

“చర్చి అంటే తెల్లవాళ్ల ఏలుబడికి గుర్తే కదా” అన్నది మొదటి అభ్యంతరం. కొన్ని చర్చిల విషయంలో ఇది న్యాయమైన మాటే. సికింద్రాబాదు సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. బొల్లారం హోలీ ట్రినిటీ చర్చి 1847 నాటిది, దానికి విక్టోరియా రాణి సొంత సొమ్ము ఇచ్చిందని చరిత్ర చెబుతుంది. ఈ రెండూ కంటోన్మెంటు చర్చిలు. కంపెనీ సైనికులు, అధికారులు, వాళ్ల కుటుంబాలు ఆదివారం ఇంగ్లీషు ప్రార్థనకు కూర్చోవడానికి కట్టినవి. వాటి గోడల మీద చనిపోయిన అధికారుల స్మారక ఫలకాలు ఉంటాయి, చుట్టుపక్కల పల్లెల పేర్లు కనిపించవు. ఏలినవాళ్ల చర్చి అన్న మాట వాటికి సరిపోతుంది. ఉత్తర తెలంగాణ పల్లె చర్చి వేరే అవసరం నుంచి పుట్టింది. అక్కడ పటాలం లేదు, కలెక్టరు బంగళా లేదు. ఇవి నిజాం ఇలాఖాలు, బ్రిటిషు ప్రభుత్వం నేరుగా ఏలిన జిల్లాలు కావు. ఇక్కడి సంఘాల్లో చేరినవాళ్లలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలు. దొర గడీలో వెట్టి చేసినవాళ్లు, ఊరి గుడి గడప దాటనివ్వనివాళ్లు. రెండు రకాల చర్చిలకూ ఒకే లెక్క కట్టడం చరిత్రకు చేసే అన్యాయం. రాణి సొమ్ముతో లేచిన చర్చినీ, కరువు కూలీల చెమటతో లేచిన చర్చినీ ఒకే పేరుతో పిలిస్తే ఆ కూలీలను మళ్లీ ఊరవతలే నిలబెట్టినట్టవుతుంది.

మెదక్ చర్చి కథకు మూలం ఆ కూలీలే. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ 1895లో సికింద్రాబాదు వచ్చాడు. కొంతకాలం తిరుమలగిరిలో సైనికుల మధ్య పనిచేసి, ఆ తర్వాత మెదక్ చేరాడు. చర్చి పని 1914లో మొదలైంది. అది మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన ఏడు. కరువు, అంటురోగాలు పల్లెలను పిండేస్తున్న కాలం. ఊరికే గింజలు పంచే బదులు పని కల్పించి తిండి పెట్టాలని పాస్నెట్ తలపోశాడు. చుట్టుపక్కల పల్లెల జనం రాళ్లు కొట్టారు, మోశారు, పేర్చారు. ఇంగ్లండులో బోల్టన్ పట్టణపు బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ సంస్థ నక్షా గీసింది. పదేళ్ల తర్వాత 1924 డిసెంబరు 25న చర్చిని ప్రతిష్ఠించారు. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురం ఎత్తు 175 అడుగులు. బూడిదరంగు రాతిని నున్నగా చెక్కి నిలబెట్టిన స్తంభాల మీద కప్పు ఆనుకొని ఉంది. నేల మీద ఇంగ్లండు నుంచి తెప్పించిన రంగు పలకలు పరిచి ఉన్నాయి. వాటికన్ తర్వాత ప్రపంచంలో ఇదే పెద్దదని కొందరు గొప్పగా చెబుతుంటారు. ఆ మాట నిలవదు. లండన్‌లోని సెయింట్ పాల్స్ ఒక్కటే 500 అడుగులకు మించిన పొడవుంది. మెదక్ చర్చికి ఆ బిరుదు అక్కర్లేదు కూడా. ఆకలితో ఉన్న మనుషులకు భిక్ష పెట్టకుండా పని ఇచ్చి, ఆ పనిని వాళ్లే తరతరాలు అనుభవించే కట్టడంగా మార్చడమే దాని ఘనత.

ఇక్కడ రెండో అభ్యంతరం ఎదురవుతుంది. కరువులో అంత పెద్ద చర్చి కట్టడం అవసరమా, ఆ డబ్బుతో చెరువులు తవ్వించవచ్చు కదా, ఆసుపత్రులు కట్టవచ్చు కదా అని. ఈ ప్రశ్న అడగాల్సిందే. అయితే అదే మిషన్ ఆసుపత్రుల పని ఆపలేదు. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్ఠురోగుల కోసం ఆసుపత్రిని నెలకొల్పింది కూడా దాదాపు ఇదే కాలంలో, 1915లో. దానికి నిజామాబాదు వాసి రాజా నర్సాగౌడ్ పెద్ద విరాళం ఇచ్చారు. అంటే ఆనాటి స్థానిక హిందూ దాత కూడా ఆ మిషన్ పనిని పరాయిదిగా చూడలేదు. ఆసుపత్రి కట్టినవాళ్లే చర్చీ కట్టారు. అంతకంటే ముఖ్యమైన జవాబు ఇంకొకటి ఉంది. పేదవాడికి అన్నం, మందు చాలు, అందం అక్కర్లేదని అనడం పేదవాణ్ణి సగం మనిషిగా లెక్కించడమే. శిల్పం, సంగీతం, దీపం, పువ్వు ఉన్న గర్భగుడి దగ్గరికి తరతరాలుగా రానివ్వని జనానికి, ఆ జిల్లాలో అంతకుముందు ఎవరూ చూడని అందమైన కప్పు కింద, ముందు వరసలో కూర్చునే హక్కు దొరికింది. ఆ హక్కు విలువ కూలి లెక్కల్లో తేలేది కాదు.

ఆ అందంలో కన్ను మొదట నిలిచేది రంగుటద్దాల కిటికీల మీద. ఆ పని ఎలా జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. గాజు కరిగి ఉన్నప్పుడే లోహపు భస్మాలు కలిపి రంగు పుట్టిస్తారు. కోబాల్టుతో నీలం, రాగితో ఆకుపచ్చ, ఎరుపు, బంగారంతో కెంపు రంగు వస్తాయి. గీసుకున్న బొమ్మ ప్రకారం గాజును ముక్కలుగా కోస్తారు. ముఖాల మీద గీతలు, బట్టల మడతలు, నీడలు ఇనుప భస్మం కలిపిన గాజుపొడి రంగుతో దిద్ది, బట్టీలో ఆరువందల డిగ్రీలకు పైగా వేడిలో కాలుస్తారు. అప్పుడు ఆ గీత గాజులో కలిసిపోతుంది, తుడిచినా పోదు. పసుపు కావాలంటే వెండి లవణం పూసి కాలుస్తారు. చివరికి ఒక్కొక్క ముక్కనూ రెండువైపులా గాడి ఉన్న సన్నని సీసపు పట్టీల్లో బిగించి, కలిసే చోట్ల టంకం వేస్తారు. బొమ్మలో మనకు నల్లని గీతలుగా కనిపించేవి ఆ సీసపు పట్టీలే. ఈ కిటికీకి ఇంకొక గుణం ఉంది. బయటి నుంచి చూస్తే మసక బొగ్గురంగు గాజులా ఉంటుంది. లోపల నిలబడితే వెలుతురు దాని గుండా ప్రవహించి రంగులు లేస్తాయి. పొద్దుగూకితే బొమ్మ మాయమవుతుంది. అంటే ఈ కళ వీధిలోని బాటసారికి చూపించుకోవడానికి చేసినది కాదు, లోపల ప్రార్థనలో ఉన్నవాళ్ల కోసం చేసినది. చదువు రాని మనుషులు ఎక్కువగా ఉన్న సంఘానికి, పుస్తకం తెరవకుండానే సువార్త కథ కంటికి అందించే పని అది.

మెదక్‌లో ఇలాంటి పెద్ద కిటికీలు మూడు ఉన్నాయి. బలిపీఠం వెనుక క్రీస్తు ఆరోహణం, ఒక పక్క క్రీస్తు జననం, ఇంకొక పక్క సిలువ. మూడింటికీ బొమ్మలు రూపొందించినది ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఇంగ్లీషు చిత్రకారుడు. రాజుల, రాజకీయ నాయకుల చిత్తరువులు వేసి పేరు తెచ్చుకున్న ఆయన స్వయంగా మెథడిస్టు, చిన్ననాడు రంగుటద్దాల పనే నేర్చుకున్నవాడు. ఇప్పుడు ఆ కిటికీలు అమర్చిన తేదీలు వరసగా చూడండి. ఆరోహణ కిటికీ 1927లో, జనన కిటికీ 1947లో, సిలువ కిటికీ 1958లో. “ఇంగ్లీషువాళ్ల గుడి” అన్న మాటకు నా అసలైన జవాబు ఈ మూడు సంవత్సరాల్లోనే ఉంది. మొదటి కిటికీ నిజాం కాలంలో వచ్చింది. రెండోది దేశానికి స్వాతంత్ర్యం వచ్చి, దక్షిణ భారత సంఘం పుట్టిన సంవత్సరంలో వచ్చింది. మూడోది వచ్చేనాటికి బ్రిటిషువాళ్లు వెళ్లి పదకొండేళ్లయింది. నిజాం రాజ్యం లేదు, హైదరాబాదు రాష్ట్రం కూడా లేదు, ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండేళ్లు. ఏలుబడిని గుర్తుచేసే అలంకారమే అయి ఉంటే, ఏలినవాళ్లు వెళ్లిపోయాక ఆ పనిని కొనసాగించాల్సిన అవసరం ఎవరికి ఉంది? సగంలో ఉన్న చిత్రకథను పూర్తి చేయాలని కోరుకున్నది స్వతంత్ర భారతంలోని తెలుగు సంఘమే. రెండు కిటికీలతో ఆగిపోయి ఉంటే దాన్ని మిషనరీల మిగులు పని అనుకునేవాళ్లం. మూడోది ఈ కట్టడాన్ని మన సంఘం తనదిగా స్వీకరించిందనడానికి సాక్ష్యం. కొన్న వస్తువు ఎక్కడ తయారైందన్నది ఒక సంగతి, దాన్ని ఎవరు ఎందుకు కోరుకున్నారన్నది మరొక సంగతి.

మూడో అభ్యంతరం చదువుకున్నవాళ్ల నుంచి, ఎక్కువగా క్రైస్తవుల నుంచే వస్తుంది. భారతీయత కావాలంటే డోర్నకల్ వైపు చూడాలి కానీ గోథిక్ కమానుల మెదక్ వైపు కాదంటారు. ఈ మాటకు బలమైన ఆధారం ఉంది. వేదనాయకం శామ్యూల్ అజరయ్య తిరునల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన తమిళుడు. 1909లో డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. ఆయన కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్‌ను 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. అందులో మసీదును తలపించే గుమ్మటాలు, మినార్లు ఉన్నాయి, గుడి మండపాన్ని తలపించే స్తంభాలు ఉన్నాయి, తామరపువ్వు ఉంది, వాటన్నిటి మీదా సిలువ ఉంది. నిజాం రాజ్యంలో పక్కపక్కన బతికిన రెండు మతాల నిర్మాణ పద్ధతులను ఒక క్రైస్తవ ఆలయంలో కలిపిన ధైర్యం అది. అజరయ్య పాటలోనూ ఆ దారే పట్టాడు. భజనలు, కోలాటాలు, జాతర తీరు పండుగలు ఆరాధనలోకి తెచ్చాడు. ఆయన సాధించినదాన్ని నేను ఏ మాత్రం తగ్గించడం లేదు. అయితే రెండు కట్టడాల్లోనూ ఆ తర్వాత ఏం జరిగిందో చూడాలి. డోర్నకల్‌లో తామరల స్తంభాల మధ్య, మెదక్‌లో కోసుగా లేచిన కమానుల కింద, ఇవాళ ఒకే తెలుగు బైబిలు చదువుతున్నారు, ఒకే క్రమంలో ప్రభు భోజనం తీసుకుంటున్నారు, ఒకే కీర్తనల పుస్తకం తెరుస్తున్నారు. శైలే అన్నిటినీ నిర్ణయించేదైతే ఈ రెండు సంఘాలూ రెండు రకాలుగా తయారై ఉండాలి. అలా జరగలేదు. అజరయ్య రాతితో కోరుకున్న స్వదేశీయతను ఆరాధన మెదక్‌కూ, కరీంనగర్‌కూ, ఆదిలాబాదు పల్లెల చిన్న చర్చిలకూ కూడా తెచ్చిపెట్టింది.

కాబట్టి ఆరాధనను కాస్త తీరికగా చూడాలి. ఆంగ్లికన్ సంఘానికి 1662 నాటి ప్రార్థన పుస్తకం పునాది. ఏ రోజు ఏ పాఠం చదవాలి, ఏ మాటకు సంఘం ఏ జవాబు చెప్పాలి అన్నదంతా అందులో రాసి ఉంటుంది. 1947లో శాఖలు కలిశాక దక్షిణ భారత సంఘం ఆ పుస్తకాన్ని అలాగే పట్టుకుని కూర్చోలేదు. 1950లో ప్రభు భోజనానికి కొత్త క్రమాన్ని వెలువరించింది. 1963లో ఉమ్మడి ఆరాధన పుస్తకాన్ని అచ్చువేసింది. ఆ క్రమంలో గురువు బలిపీఠం వెనుక నిలబడి ప్రజలకు ఎదురుగా ముఖం పెడతాడు. పాత నిబంధన, పత్రిక, సువార్త అని మూడు పాఠాలు చదువుతారు. ప్రధాన ప్రార్థన మధ్యలో సంఘమంతా గొంతెత్తి జవాబు చెబుతుంది. సమాధానం ఇచ్చిపుచ్చుకునే పద్ధతి మరీ ముచ్చటైనది. ఇచ్చేవారు తమ కుడి అరచేతిని ఎదుటివారి కుడి అరచేతికి ఆనిస్తారు, ఇద్దరూ ఎడమచేతిని ఎదుటివారి కుడిచేతి మీద మూస్తారు. బలిపీఠం దగ్గర మొదలైన ఆ స్పర్శ వరస వెంట వరసగా చివరి మనిషి దాకా సాగుతుంది. కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రాచీన పద్ధతి నుంచి తీసుకున్న ఆచారం ఇది. అంటరానితనం ఊరూరా రాజ్యమేలిన గడ్డ మీద, ప్రతి ఆదివారం ఒకరి చేతిని ఒకరు రెండు చేతులతో పట్టుకోవడాన్ని ఆరాధనలో భాగం చేయడం చిన్న సంగతి కాదు. రోమన్ కాథలిక్ సంఘంలో రెండో వాటికన్ మహాసభ జరిగింది 1962 నుంచి 1965 దాకా. గురువు ప్రజల వైపు తిరగడం, ప్రజల పాత్ర పెరగడం ఆ తర్వాతే లోకమంతా వ్యాపించింది. ఆ మహాసభకు పన్నెండేళ్ల ముందే దక్షిణ భారత సంఘం ఆ దారి తొక్కింది. ప్రపంచంలో ఎన్నో సంఘాలు తమ ప్రార్థన పుస్తకాలను సవరించుకున్నప్పుడు ఈ క్రమాన్ని ముందు పెట్టుకుని చూశాయి. ఇంగ్లండు నుంచి వచ్చిన ఆరాధన ఇక్కడ మారి, మళ్లీ ఇంగ్లండుకే పాఠం చెప్పింది.

పాట సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తనల నెత్తిన రాగం, తాళం పేర్లు అచ్చువేసి ఉంటాయి. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి వంటి కవులు త్యాగరాజు కాలపు పల్లవి, అనుపల్లవి, చరణాల చట్రంలోనే క్రీస్తు కథను పాడారు. హార్మోనియం, తబలా, తాళాలతో, పల్లెల్లో డప్పుతో ఆ కీర్తనలు సాగుతాయి. పంట ఇంటికి వచ్చాక కోత పండుగ చేస్తారు. అప్పుడు కరీంనగర్ వైపు వడ్లు, మక్కలు, ఆదిలాబాదు వైపు జొన్నలు, కందులు, పత్తి గంపలకెత్తుకుని వచ్చి బలిపీఠం ముందు పెడతారు. కోళ్లు, గుమ్మడికాయలు, అరటిగెలలు కూడా వస్తాయి. ఆరాధన తర్వాత వాటిని వేలం వేసి సంఘం ఖర్చులకు జమ చేస్తారు. సంఘ నాయకుణ్ణి అయ్యగారు అంటారు. ఇందులో పరాయిది ఏది? ఆంగ్లికన్ పారిష్ అన్న భావనకు మూలార్థం, ఒక ఊరి పరిధిలో ఉన్న మనుషులందరి పుట్టుక, పెళ్లి, చావు ఒక చర్చి బాధ్యత అని. తెలంగాణ పల్లెలో ఆ భావన మన పంటల కాలానికీ, మన పిలుపులకూ, మన రాగాలకూ ఒదిగిపోయింది.

ఇంత చెప్పాక సంఘం లోపలి లోపాన్ని దాచడం సరికాదు. కులం చర్చి గడప దగ్గర ఆగిపోలేదు. మాల సంఘం, మాదిగ సంఘం అన్న దూరం చాలాచోట్ల లోపలికీ వచ్చింది, పెళ్లి సంబంధాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. పదవుల కోసం, ఆస్తుల కోసం తగాదాలు కోర్టులదాకా వెళ్లిన సందర్భాలూ ఉన్నాయి. అలాంటప్పుడు ఆరాధన మనుషుల్ని మార్చిందని ఎలా అంటారని అడగవచ్చు. ఆ ఆచారం ఉన్నందువల్లనే సంఘాన్ని నిలదీసే అవకాశం ఉందని నా జవాబు. ఒకే గిన్నె, ఒకే రొట్టె, చేతిలో చేయి అని ప్రతి వారం ఒప్పుకున్న సంఘం, కులం పాటించినప్పుడు తన మాటకే తాను తప్పినట్టు తేలుతుంది. సూత్రమే లేనిచోట అలా నిలదీయడానికి ఆధారం ఉండదు. అజరయ్య జీవితమంతా ఈ విషయంలో తన సంఘంతోనే పోట్లాడాడు. ఆ పోట్లాట ముగియలేదు, కొనసాగాలి.

చివరి అభ్యంతరం మన జిల్లాల శ్రోతలది. మెదక్, డోర్నకల్ గొప్పవే, కరీంనగర్, ఆదిలాబాదు చర్చిల్లో సాలిస్‌బరీ కిటికీలు లేవు కదా, అక్కడ చూడడానికి ఏముందని. ఉన్నది బీరువాలో ఉంది. పాత చర్చిల్లో బాప్తిస్మం, వివాహం, సమాధి రిజిస్టర్లు ఉంటాయి. ఆంగ్లికన్ పద్ధతి బాప్తిస్మం రిజిస్టరులో గళ్లు గీసి ఉంటాయి. తేదీ, బిడ్డ పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, ఊరు, తండ్రి వృత్తి, బాప్తిస్మం ఇచ్చిన గురువు సంతకం. భూమి పట్టా లేని, బడి గడప తొక్కని ఎన్నో కుటుంబాలకు తమ పేరు మొదటిసారి కాగితం మీదికి ఎక్కింది ఆ గళ్లలోనే. దొరల లెక్క పుస్తకాల్లో వెట్టి మనిషిగా మాత్రమే కనిపించే మనిషి ఇక్కడ ఒక బిడ్డకు తండ్రిగా, ఒక ఊరివాడిగా కనిపిస్తాడు. కరువు ఏళ్లలో సమాధుల పేజీలు ఎలా నిండాయో, ఏ ఊరి నుంచి ఏ ఊరికి పనికోసం కుటుంబాలు కదిలాయో, పేర్లు ఎప్పుడు ఎలా మారాయో ఆ రిజిస్టర్లు చెబుతాయి. ఉత్తర తెలంగాణ పేదల చరిత్ర రాయాలంటే కోటల శాసనాలు చాలవు, ఈ పుస్తకాలూ కావాలి. రంగుటద్దాల కిటికీ కంటే ఇవి తక్కువ విలువైనవని నేను అనుకోను.

రెండింటికీ ఇప్పుడు ముప్పు ఉంది. మెదక్ ఆరోహణ కిటికీకి 2027తో నూరేళ్లు నిండుతాయి. సీసం మెత్తని లోహం. ఎండకు వ్యాకోచించి, చలికి ముడుచుకుంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ అలసి వంగిపోతుంది. సుమారు నూరేళ్లకు ఆ పట్టీలను విప్పి కొత్తవి వేయాల్సిన స్థితి వస్తుందని ఈ పని తెలిసినవాళ్లు చెబుతారు. మన ఎండలూ, చలీ సామాన్యమైనవి కావు. రిజిస్టర్లకు చెదలు, తేమ, నిర్లక్ష్యం మూడూ శత్రువులే. పాత రాతి చర్చిలకు వేరే ప్రమాదం ఉంది. సంఘం పెరిగిందని రాతి గోడ కూలగొట్టి, దాని జాగాలో టైల్సు అతికించిన కాంక్రీటు హాలు కట్టే ఆలోచన పల్లెపల్లెనా వినిపిస్తోంది. స్థలం చాలకపోవడం నిజమైన ఇబ్బందే. అయితే పక్కన కొత్త హాలు కట్టుకోవచ్చు. తాతలు మోసిన రాయిని ఒకసారి పడగొడితే మళ్లీ నిలబెట్టలేం.

అందుకని నా విన్నపాలు సూటిగా చెబుతాను. కరీంనగర్, మెదక్, డోర్నకల్ డయాసిస్‌ల పెద్దలారా, పాత రిజిస్టర్లన్నిటినీ ఫొటోలు తీయించి భద్రపరచండి, పరిశోధకులకు తెరిచి పెట్టండి. రంగుటద్దాలకు, రాతి గోడలకు మరమ్మతు చేసేటప్పుడు ఆ పని తెలిసిన నిపుణులనే పిలవండి, సిమెంటు పూతలతో సరిపెట్టవద్దు. కాకతీయ, శాతవాహన విశ్వవిద్యాలయాల చరిత్ర విద్యార్థులారా, మీ జిల్లా చర్చిల మీద ఒక్క పరిశోధనైనా చేయండి. పల్లె సంఘాల్లో ముసలివాళ్లు పాడే పాత కీర్తనలను, వాళ్లకు తెలిసిన రాగంతో సహా, మీ ఫోన్లలోనే రికార్డు చేయండి. రాష్ట్ర పురావస్తు శాఖ చారిత్రక కట్టడాల పట్టిక సవరించినప్పుడు ఖిల్లాల పక్కన, గుళ్ల పక్కన, దర్గాల పక్కన ఈ చర్చిలకూ చోటు ఇవ్వాలి. ఇవి కరువు కూలీల కష్టంతో లేచాయి, తెలుగు ప్రార్థనతో నిలిచాయి, వాటి బాధ్యత ఇప్పుడు మనది.